గోరంత ముక్క ఖరీదు

న్యూజెర్సీలో 1962లో కట్టిన ఇల్లు ఒకటి ఊహించుకుందాం. బెజవాడ నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన దంపతులు దాన్ని కొన్నారు. వంటగది ఇరుకు. మధ్య గోడ తీసేసి హాల్లో కలిపేస్తే పండగలకి నలుగురూ చేరి వండుకోవచ్చని వాళ్ళ కోరిక. పని చూడడానికి వచ్చిన కాంట్రాక్టరు నేల వంక, కప్పు వంక పరకాయించి చూసి, "గోడ మీద సుత్తి పడకముందే ఆస్బెస్టాస్ ఉందేమో చూపించుకోండి" అన్నాడు. ఎంతవుతుందని వాకబు చేస్తే ఒకచోట 50 డాలర్లు చాలన్నారు. ఇంకోచోట 800 అన్నారు.

రెండూ అబద్ధం కావు. ఒకే ఇంటికి పదహారు రెట్ల తేడా ఎవరి మోసమూ లేకుండానే వచ్చింది. ఎలా వచ్చిందని వెతుక్కుంటూ వెళితే రాయి గుణం, ఊపిరితిత్తుల పనితీరు, మైక్రోస్కోపు హద్దులు, కాస్త సంభావ్యతా గణితం అన్నీ దారిలో తగులుతాయి. ముందు రాయితో మొదలుపెడదాం.

నార వచ్చే రాయి

కడప జిల్లా పులివెందుల చుట్టుపక్కల, బ్రాహ్మణపల్లె వంటి చోట్ల ఒకప్పుడు ఈ రాయిని తవ్వేవారు. వంద కోట్ల ఏళ్ళకు పైబడిన కాలం కిందట అక్కడి వేంపల్లె డోలమైటు పొరల మధ్యకి శిలాద్రవం చొచ్చుకొచ్చింది. డోలమైటులో మెగ్నీషియం పుష్కలంగా ఉంటుంది. ఆ వేడికి, సిలికా కలిసిన వేడినీటికి ఆ రాయి స్వరూపమే మారి సర్పెంటైన్ అనే పచ్చటి ఖనిజం పుట్టింది. దాని పగుళ్ళలో దారాల గుత్తుల్లా పేరుకున్నదే క్రైసోటైల్, అంటే తెల్ల ఆస్బెస్టాస్. గోటితో గీరితే నిజంగానే పీచు లేస్తుంది. రాతినార అని తెలుగులో పెట్టిన పేరు దానికి అతికినట్టు సరిపోయింది.

రాయి నారగా ఎందుకు పెరుగుతుంది? క్రైసోటైల్‌లో రెండు పలచటి పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఒకటి సిలికా పొర, రెండోది మెగ్నీషియం పొర. మెగ్నీషియం పొర కొలత రవ్వంత పెద్దది. కొలతలు కుదరని రెండు పొరలను అతికిస్తే అవి బల్లపరుపుగా ఉండలేవు. ఎండకు తాటాకు ముడుచుకున్నట్టు లోపలికి చుట్టుకుంటాయి. అలా చుట్టుకున్న ఒక్కో గొట్టం మందం వెంట్రుక మందంలో దాదాపు మూడు వేలో వంతు. పొడవు మాత్రం దానికి వందల రెట్లు ఉండవచ్చు.

ఆస్బెస్టాస్ అన్నది ఒకే ఖనిజం పేరు కాదు. క్రైసోటైల్‌తో పాటు గోధుమరంగు అమోసైట్, నీలిరంగు క్రోసిడొలైట్, ట్రెమొలైట్, ఆక్టినొలైట్, ఆంథోఫిల్లైట్ అనే మరో అయిదు ఖనిజాల పీచు రూపాలూ ఆ పేరు కిందికే వస్తాయి. అన్నీ నిప్పుకు కాలవు, సులభంగా తెగవు, కుళ్ళవు. ఇరవయ్యో శతాబ్దంలో ఇళ్ళు కట్టేవారికి ఇంతకన్నా మంచి సరుకు దొరకలేదు.

కుళ్ళకపోవడమే దాని గుణం, అదే దాని దోషం. గాలిలో తేలే ఈ పీచు ఊపిరితిత్తుల కొసల దాకా వెళ్ళగలదు. అక్కడ దుమ్మును మింగి శుభ్రం చేసే భక్షక కణాలుంటాయి. గుండ్రటి రేణువైతే అవి ఇట్టే మింగేస్తాయి. తమకన్నా పొడవైన పీచు ఎదురైతే సగం మింగి, సగం బయటే వదిలి, అలాగే చచ్చిపోతాయి. చచ్చేటప్పుడు వాటి లోపలి రసాయనాలు బయటకు కారి చుట్టూ ఉన్న కణజాలాన్ని మంటపెడతాయి. పీచు మాత్రం చెక్కుచెదరదు. మళ్ళీ కొత్త కణం వస్తుంది, మళ్ళీ అదే కథ. ఇలా ఏళ్ళ తరబడి సాగిన వాపు నుంచి ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల కాన్సరు, ఊపిరితిత్తుల మీది పొరకు వచ్చే మీసోథెలియోమా పుట్టుకొస్తాయి. పీచు పీల్చిన రోజుకూ జబ్బు బయటపడే రోజుకూ మధ్య సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ళు గడుస్తాయి. ఈ ఆరు రకాలూ మనిషికి కాన్సరు తెచ్చేవేనని అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ తేల్చింది.

అయితే ఒక విషయం మరవకూడదు. సిమెంటులోనో, నేల పలకలోనో గట్టిగా బిగుసుకుని ఉన్న పీచు గాలిలోకి రాదు. గాలిలో లేని పీచు ఊపిరిలోకి పోదు. కోసినప్పుడు, రంధ్రం పెట్టినప్పుడు, పగలగొట్టినప్పుడు, పొడిగా ఊడ్చినప్పుడు అది లేస్తుంది. తనిఖీ ఖర్చు గురించి ముందు చెప్పబోయేదంతా ఈ ఒక్క వాస్తవం మీదే ఆధారపడి ఉంది.

కంటితో ఎందుకు తేలదు

మన ఊహల్లోని ఇంటికి తిరిగి వెళదాం. హాలు కప్పు మీద పేలాలు అతికించినట్టు బొడిపెల పూత ఉంది. వంటింటి నేలకు తొమ్మిది అంగుళాల చదరపు పలకలు, వాటి కింద నల్లటి జిగురు. గోడ పలకల అతుకుల్లో పూసిన లప్పం. నేలమాళిగలో వేడిగాలి గొట్టాల అతుకులకు చుట్టిన తెల్లటి పట్టీ. ఇంటి బయట సిమెంటు పలకలు. వీటిలో దేనిలోనైనా ఆస్బెస్టాస్ ఉండవచ్చు, లేకపోనూవచ్చు. ఒకే దుకాణంలో, ఒకే రంగులో, ఉన్న పలకా లేని పలకా పక్కపక్కనే అమ్మిన రోజులవి.

ఇల్లు ఎప్పుడు కట్టారన్నది ఒక ఆనవాలు. మంటల నుంచీ వేడి నుంచీ కాపాడడానికి ఆస్బెస్టాస్ పూతను పిచికారీ చేయడాన్ని అమెరికా 1973లో ఆపింది. అలంకారం కోసం చేసే పిచికారీకి 1978లో అడ్డుకట్ట వేసింది. అప్పటికే తయారై ఉన్న సరుకు మాత్రం ఆ తర్వాత కూడా ఇళ్ళలోకి చేరింది. 1989లో పెట్టిన విస్తృతమైన నిషేధాన్ని 1991లో అక్కడి అప్పీళ్ళ కోర్టు చాలావరకు కొట్టేసింది. క్రైసోటైల్ వాడకం మీద నిషేధం 2024 మార్చిలో గానీ రాలేదు. న్యూయార్క్ నగరం 1987 ఏప్రిల్ 1ని గీతగా పెట్టుకుంది. అంతకుముందు కట్టిన భవనాన్ని మార్చాలన్నా పడగొట్టాలన్నా ఆస్బెస్టాస్ సంగతి ముందు తేల్చాలి.

ఏడాది అనుమానాన్ని ఇస్తుంది, జవాబును ఇవ్వదు. జవాబు కావాలంటే ముక్క తీయాలి.

ల్యాబు బల్ల మీద

తనిఖీకి వచ్చిన మనిషి ముందు ఇంట్లో ఫ్యాన్లు, ఏసీ ఆపిస్తాడు. సబ్బు చుక్కలు కలిపిన నీళ్ళు చిలకరించి ఆ చోటును తడుపుతాడు. తడిసిన పీచు లేవదు. తర్వాత పదునైన గొట్టంతో పైపూత నుంచి అడుగు దాకా తగిలేలా గోరంత ముక్క తీసి, డబ్బీలో మూసి, దాని మీద నంబరు వేస్తాడు. తీసిన గాటును పూడ్చి, తడిగుడ్డతో తుడుస్తాడు.

ల్యాబులో ఆ ముక్కను ముందు మామూలు మైక్రోస్కోపు కింద విడదీస్తారు. పీచు కనిపిస్తే పట్టకారుతో తీసి, వక్రీభవన గుణకం ముందే తెలిసిన నూనె చుక్కలో ముంచి, ధ్రువిత కాంతి కింద పెడతారు. గాజు ముక్కను నీళ్ళలో వేస్తే అంచులు మసకబారడం మనకు తెలుసు. కాంతిని వంచే గుణం రెండింటికీ దగ్గరైన కొద్దీ అంచు మాయమవుతూ వస్తుంది. ఇదే సూత్రంతో, సరైన నూనెలో క్రైసోటైల్ పీచు ఒక దిశలో నీలంగా, అడ్డం తిప్పితే ముదురు గులాబీ రంగులో మెరుస్తుంది. గాజు నారకూ కాగితపు పీచుకూ ఆ రంగులు ఆ వరుసలో రావు. చివరికి ముక్కలో ఆస్బెస్టాస్ ఎంత శాతమో అంచనా వేస్తారు. ఒక శాతం దాటితే దాన్ని ఆస్బెస్టాస్ ఉన్న వస్తువుగానే అమెరికా చట్టం లెక్కిస్తుంది.

ఇదంతా యంత్రం చేసే పని కాదు. తర్ఫీదు పొందిన మనిషి కూర్చుని కళ్ళతో చేసే పని. అమెరికాలో ఒక్కో నమూనాకు ల్యాబులు సాధారణంగా 25 నుంచి 75 డాలర్ల దాకా తీసుకుంటాయి. ఫలితం ఈరోజే కావాలంటే ఎక్కువ, వారం ఆగగలిగితే తక్కువ.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. కాంతితో చూసే ఏ మైక్రోస్కోపైనా మైక్రాన్‌లో అయిదో వంతు కన్నా సన్నటి వాటిని విడిగా చూపలేదు. నేల పలకల తయారీలో పీచును మెత్తగా నూరి కలిపేవారు. అది ఆ హద్దుకు దిగువన దాక్కుంటుంది. అందుకే నేల పలకలో ఏమీ లేదని మామూలు పరీక్ష చెబితే, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో రూఢి చేసుకోవడం మంచిది. ఆ పరీక్షకు రెండు మూడు రెట్లు ఎక్కువవుతుంది.

ఒక్క మెతుకు చాలదా?

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కుండ అంతటా ఒకే నీరు, ఒకే మంట కాబట్టి ఆ మాట నిజం. కప్పు మీది పూత సంగతి వేరు. అది ఇంట్లోనే తొట్టె తర్వాత తొట్టె కలిపి కొట్టింది. ఒక మూల పీచు దట్టంగా పడి ఉండవచ్చు, ఇంకో మూల పలచగా. మధ్యలో ఎప్పుడో మరమ్మతు జరిగి, ఆ కాస్త మేరకు కొత్త పూత పడి ఉండవచ్చు.

అమెరికా బడుల కోసం 1986లో వచ్చిన ఆస్బెస్టాస్ చట్టం కింద పూతలకు ఒక వరుస పెట్టారు. చూడడానికి ఒకేలా ఉన్న పూత వెయ్యి చదరపు అడుగుల లోపు ఉంటే మూడు నమూనాలు, అయిదు వేల దాకా అయిదు, అది దాటితే ఏడు. ఇళ్ళు చూసే తనిఖీదారులు కూడా ఎక్కువగా ఈ మూడు-అయిదు-ఏడు వరుసనే పాటిస్తారు. దీని వెనక లెక్క తేలిక. ఒక నమూనా అసలు విషయాన్ని పట్టుకోలేకపోయే అవకాశం అయిదింట ఒకటి అనుకుందాం. వేర్వేరు చోట్ల తీసిన మూడు నమూనాలూ ఒకేసారి తప్పిపోయే అవకాశం నూట ఇరవై అయిదింట ఒకటికి పడిపోతుంది.

ఈ లెక్క ఒక వైపే నడుస్తుంది. మూడింటిలో ఒక్కదానిలో ఆస్బెస్టాస్ కనిపించినా ఆ పూత మొత్తానికి ఉన్నట్టే. లేదని చెప్పాలంటే మాత్రం మూడూ లేదనాలి. కాబట్టి మొదటి నమూనాలో దొరకగానే మిగతా రెండూ చూడనక్కర్లేదని ల్యాబుకు ముందే రాసి ఇవ్వవచ్చు. ఆ ఒక్క మాటతో రెండు నమూనాల రుసుము మిగులుతుంది. అడగని వాళ్ళకు చాలాసార్లు మూడింటి బిల్లూ వస్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం

ఆ దంపతులు ముట్టుకోబోయేది వంటగదినీ, మధ్య గోడనీ, గోడ తగిలే చోట హాలు కప్పునీ. నేల పలకలకు రెండు నమూనాలు, వాటి కింది జిగురుకు రెండు, గోడ అతుకుల లప్పానికి మూడు, కప్పు పూతకు మూడు. మొత్తం పది. ఒక్కోటి 40 డాలర్ల చొప్పున 400. తనిఖీదారు వచ్చి, చూసి, తీసి, నివేదిక రాసిచ్చినందుకు మరో 400 అనుకుంటే 800. మొదటిచోట చెప్పిన 50 డాలర్లు, సొంతంగా ఒక ముక్క తీసి ల్యాబుకు పంపితే అయ్యే ఖర్చు. ఒక పలకకు జవాబు వస్తుంది, పడబోయే గోడకు రాదు. పైగా తడపడం, తీయడం, మూయడం తెలియని చేతితో తీస్తే పరీక్షే దుమ్ము లేపవచ్చు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈ పని తర్ఫీదు ఉన్నవారికి వదలమనడానికి కారణం అదే. తనిఖీ చేసేవారూ, తొలగించేవారూ వేర్వేరుగా ఉండడం మేలని కూడా అది చెబుతుంది. ఉందని తేలితే లాభపడే మనిషి చేత ఉందో లేదో చూపించుకోవడం సబబు కాదు.

పడకగది కప్పు, నేలమాళిగ గొట్టాల పట్టీ, బయటి సిమెంటు పలకలు కూడా చూపించాలా? వాటిని ఎవరూ కదపబోవడం లేదు. అవి చెదరకుండా, రాలకుండా ఉంటే ఉన్నట్టుగానే భావించి, అప్పుడప్పుడు గమనిస్తూ ఉంటే చాలు. ఆస్బెస్టాస్ ఉందని అనుకోవడానికి పైసా ఖర్చు కాదు. తెలుసుకున్నాక మనం చేసే పని మారనప్పుడు తెలుసుకోవడం కోసం డబ్బు పెట్టడం ఎందుకు?

పని మారేటప్పుడు మాత్రం వెనకాడకూడదు. పాత నేలను మామూలుగా తీయడానికి 1,000 డాలర్లు, ఆస్బెస్టాస్ జాగ్రత్తలతో తీయడానికి 4,000 అనుకుందాం. తేడా 3,000. నేలకు మాత్రమే పరీక్ష చేయిస్తే నాలుగు నమూనాలు, తనిఖీదారు రాక కలిసి 560. ఆస్బెస్టాస్ లేదని తేలే అవకాశం అయిదింట ఒకటే అయినా, సగటున మిగిలేది 600. పరీక్ష తన ఖర్చు తానే రాబట్టుకుంది. ఇంకో దారీ ఉంది. పాత పలకలు గట్టిగా ఉంటే వాటిని కదపకుండా పైన కొత్త నేల పరవవచ్చు. అప్పుడు నేలకు పరీక్షే అక్కర్లేదు. పరీక్షించడం, ఉన్నట్టే భావించి జాగ్రత్తగా తీయడం, కదపకుండా పైన పరవడం, ఈ మూడు దారుల్లోనూ పొరపాటు లేదు. పరీక్ష లేకుండా, జాగ్రత్త లేకుండా పొడిగా పగలగొట్టే నాలుగో దారే ప్రమాదం. ఆ దారిలో ఇల్లంతా దుమ్ము పడ్డాక చేసే శుభ్రం ఖర్చు ముందు పై లెక్కలన్నీ చిన్నవే. పీల్చినదాన్ని ఏ ఖర్చుతోనూ వెనక్కి తీసుకోలేం.

కొననక్కర్లేని పరీక్షలు

కొందరు గాలి పరీక్ష చేయించుకుని ఊరట పడతారు. గాలిని వడపోసి, అందులో పొడవైన పీచులెన్నో లెక్కపెట్టే మామూలు పద్ధతి పత్తి పీచునూ ఆస్బెస్టాస్ పీచునూ వేరుచేయదు. అంతకన్నా ముఖ్యం, ఎవరూ గోడ ముట్టని రోజున గాలి శుభ్రంగానే ఉంటుంది. రేపు డ్రిల్లు పెట్టాక ఏమవుతుందో ఈరోజు గాలి చెప్పదు. తొలగించే పని అయ్యాక ఇల్లు శుభ్రపడిందో లేదో చూడడానికి గాలి పరీక్ష ఉపయోగపడుతుంది. పనికి ముందు ముక్క పరీక్షకు అది ప్రత్యామ్నాయం కాదు.

అటకల మీద చలి ఆపడానికి పోసే వెర్మిక్యులైట్‌ది మరో కథ. మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గని 1990లో మూతపడింది. 1919 నుంచి అప్పటిదాకా అమెరికాలో అమ్మిన వెర్మిక్యులైట్‌లో 70 శాతానికి పైగా అక్కడిదే. ఆ గనిలో వెర్మిక్యులైట్‌తో పాటు ఆస్బెస్టాస్ కూడా కలిసి ఉండేది. సన్నటి పీచు కుప్ప అడుక్కి జారిపోతుంది కాబట్టి పైనుంచి తీసిన పిడికెడు నమూనా మోసం చేయవచ్చు. అందుకే అటక మీద అది కనిపిస్తే ఉన్నట్టే భావించి, కదపకుండా వదలమని ప్రభుత్వ సలహా. ఆ గని సరుకుతో వచ్చిన జోనొలైట్ బ్రాండు అని రుజువైతే, తొలగింపు ఖర్చులో 55 శాతాన్ని, ఒక పరిమితికి లోబడి, తిరిగి ఇచ్చే ట్రస్టు కూడా ఉంది. అలాంటి ఇల్లు కొన్నవారు అడగకుండా వదులుకోకూడదు.

మన రేకుల కింద

ఇక మన ఊళ్ళకు వద్దాం. మన దగ్గర అనుమానించాల్సిన వస్తువు గోడల్లో దాక్కుని లేదు, తల మీదే ఉంది. 1946లో హైదరాబాదులో ఆస్బెస్టాస్ సిమెంటు కంపెనీ పుట్టింది. అది తయారుచేసిన చార్మినార్ రేకుల పేరు వినని ఊరు ఉండదు. పెంకుటిల్లు కప్పించుకోలేని వారికి, స్లాబు వేయించుకోలేని వారికి, పశువుల కొట్టానికి, కోళ్ళ ఫారానికి, బడి వరండాకు రేకే గతి అయింది. కొత్త గనుల లీజులను దేశం 1986లో ఆపేసింది. పులివెందుల గనుల కాలం పోయింది. పీచు మాత్రం విదేశాల నుంచి దిగుమతి అవుతూనే ఉంది.

పాత సిమెంటు రేకుకు పరీక్ష ఖర్చు గురించి నన్నడిగితే, పెట్టనక్కర్లేదనే చెబుతాను. ఆస్బెస్టాస్ ఉందనే అనుకోండి. ఆ డబ్బు మనిషి మీద పెట్టండి. కోతులు దూకి రేకు పగిలితే ఆ ముక్కలను సుత్తితో ఇంకా చితక్కొట్టకండి. బురద దారిలో పరవకండి, బండ్లు తొక్కి పొడి చేస్తాయి. రేకు దించాలంటే ముందు బాగా తడపాలి. హుక్కు బోల్టులు విప్పి, పగలకుండా నిండు రేకుగా దించాలి. రంపం, గ్రైండరు, పొడి చీపురు దగ్గరికి రాకూడదు. పని చేసే వ్యక్తికి బిగుతుగా కూర్చునే, సన్నటి దుమ్మును ఆపే మాస్కు కావాలి. ముఖానికి కట్టిన తువ్వాలు ఈ పీచును ఆపదు.

ఇక్కడే ఈ లెక్కలో మనం తరచు మరిచే మనిషి కనిపిస్తాడు. ఇంటివాళ్ళు ఆ రేకు కింద ఉంటారు, దాన్ని కోయరు. కోసేది మేస్త్రీ. ఈరోజు ఈ ఇల్లు, రేపు మరో ఇల్లు. న్యూజెర్సీలో గోడ పడగొట్టేది కూడా రోజుకూలీకి వచ్చిన మనిషే. ఆస్బెస్టాస్ పరిశ్రమ కార్మికుల కేసులో మన సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇస్తూ, వారి ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా పని మానేశాక 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించింది. పీచు ఎంత నిదానంగా పనిచేస్తుందో ఆ 40 అంకె చెబుతోంది. ఇల్లిల్లూ తిరిగే మేస్త్రీకి అలాంటి రికార్డు ఎవరూ రాసి పెట్టరు. కనక అతని తరఫున ముందే అడగాల్సిన బాధ్యత పనికి పిలిచిన మనదే.

న్యూజెర్సీ దంపతులకు చివరగా ఒక మాట. నివేదిక వచ్చాక దాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి ఉంచండి. ఏ గదిలో, ఏ వస్తువులో ఉంది, ఏది పరీక్షించకుండా ఉన్నట్టే భావించి వదిలారు, ఏ నేల మీద కొత్త నేల పరిచారు, అన్నీ అందులో రాయండి. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ ఇల్లు ఇంకెవరో కొంటారు. డ్రిల్లు పట్టుకుని ఇంకో పనివాడు వస్తాడు. గోడలో పీచు అప్పటికీ అలాగే ఉంటుంది. అతను స్విచ్ నొక్కకముందు ఆ కాగితాన్ని ఎవరైనా తీసి చూపిస్తే, ఈరోజు పెట్టిన 800 డాలర్లు ఆ రోజు కూడా పనిచేస్తాయి.